ఈశ్వరమ్మ కోడి

అరకు,
4 అక్టోబర్ 2024

ఒసే కుమారీ,

ఫోన్ చేద్దామంటే నీకు డొంకరాయిలో సిగ్నల్ ఉండదు, ఉన్నా నువ్వు ఎత్తవు. అయినా ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఫోన్లో తిడితే రెండు నిమిషాల్లో చల్లారిపోతాను. నాకు చల్లారాలని లేదు.

దసరా సెలవులకి అరకు వచ్చాను. నేను పుట్టింది ఇక్కడేనని తెలియని తోటి టీచర్లు గుహలు చూడు, జలపాతం చూడు అని లిస్టు రాసిచ్చారు. నా సంగతి నీకు తెలుసు కదా, ఏ ఊరెళ్ళినా ముందు పుస్తకాల కొట్టెక్కడని అడుగుతాను. ఈసారి సెలవులు మొత్తం అదే పని పెట్టుకున్నాను. అరకు, పాడేరు, చింతపల్లి, కొట్టున్నచోట దిగడం, ఓ పుస్తకం కొనుక్కోవడం, మళ్ళీ బస్సెక్కడం. ఎంత హాయిగా అనుకున్నానో.

ఇక్కడ స్టేషన్ రోడ్డులో నతానియేల్ అని ఒకాయన కొట్టు నడుపుతున్నాడు. ముందు గదిలో కాఫీ, వెనక గదిలో పుస్తకాలు. చెమ్మ పట్టకుండా ప్రతి బీరువాలోనూ చిన్న బల్బు వెలిగించి ఉంచుతాడు. పుస్తకం తీస్తే పెనం మీంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంటుంది. అలా వెచ్చగా చేతికొచ్చిన ఒక పుస్తకం పేరు చెప్తాను, కూర్చుని చదువు. "కొండకోడి కథలు". సేకరణ, రచన: డాక్టర్ జగన్నాథరావు.

అవునే, ఆయనే. నాకు బి.ఎడ్.లో పాఠం చెప్పిన లెక్చరరు. తెరిచాను. మొదటి కథ ఎలుగుబంటికి అత్తగారు. రెండోది గుమ్మడికాయలో పుట్టిన మరిది. పదో తరగతి అయ్యాక వేసవిలో, మీ అమ్మమ్మ సోములమ్మ వాకిట్లో కూర్చుని మనిద్దరం రాసుకున్న నాలుగు నోట్‌బుక్కులూ అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. చదవడానికని తీసుకున్నాడు. తుఫానులో తడిసి ముద్దయిపోయాయని మనకి చెప్పాడు. పుస్తకంలో ఎక్కడా మీ అమ్మమ్మ పేరు లేదు.

నా ఒళ్ళు మండిపోతోంది. క్షమించమని ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉన్నాను, కానీ ఈ మనిషిని క్షమించడం నావల్ల కాదు. ఆయన ఎక్కడ తలెత్తుకుని తిరుగుతున్నాడో అక్కడే దించేలా చెయ్యాలి. నువ్వు సరేనను చాలు. జవాబు నతానియేల్ కొట్టు అడ్రసుకి స్పీడ్ పోస్టులో పంపు, పదమూడు దాకా ఇక్కడే ఉంటాను.

నీ సోఫీ


డొంకరాయి,
8 అక్టోబర్

సోఫీకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మా ఆయన పవర్‌హౌస్ నుంచి డ్యూటీ దిగి వచ్చి అన్నం పెట్టమంటే, ఆయన మీద అరిచాను పాపం. ఆయనకేం తెలుసు.

అమ్మమ్మ పోయి పదమూడేళ్ళయింది. చివరి నెలలో కూడా నన్ను చూసినప్పుడల్లా ఒకటే అడిగేది. "పుస్తకం ఎప్పుడొత్తాదే గుంటా? నా పేరు ఎంత పెద్దచ్చరాలతో ఏత్తారు?" అని. చదువు రాని మనిషి, పేరు అచ్చులో ఎలా ఉంటుందో చూడాలని ఆశ. వస్తుందే, వస్తుందే అని చెప్పి పంపించేశాను. ఆ అబద్ధం నేనాడాను కాబట్టి ఈ పగ నీకంటే నాది పెద్దది. సరే అంటున్నాను. వదలొద్దు.

ఒక్క మాట. తుఫానులో తడిసిపోయాయని ఆయన మనకి చెప్పాడని రాశావు. ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మాట నాకు చెప్పింది నువ్వు.

పుస్తకంలో ముందుమాట ఉంటుంది కదా. అందులో ఎవరెవరికి కృతజ్ఞతలు రాశాడో చూసి చెప్పు.

ఇట్లు
రాజకుమారి


అరకు,
12 అక్టోబర్

ఒసే కుమారీ,

నువ్వు సరేనన్నావు, నాకు పండగ. నువ్వనే దాకా కూడా ఆగలేదు, మొదలెట్టేశాను. ఏం చేశానో విను.

చీటీలు అచ్చు వేయించాను. రెండు అగ్గిపెట్టెలంత ఉంటుంది ఒక్కోటి. "ఈ కథలు చెప్పినది అరకు కొండల్లో పుట్టి పెరిగిన సోములమ్మ. రాసుకున్నది సోఫియా, రాజకుమారి. ఈ రచయిత దొంగిలించాడు." టిఫిన్ హోటల్లో మైదా అడిగి తీసుకుని జిగురు ఉడకబెట్టాను. నతానియేల్ కొట్టులో తొమ్మిది కాపీలున్నాయి. సంగతి చెప్తే ఆయనే చీటీలందించాడు, నేను అతికించాను.

మర్నాడు పాడేరు. అక్కడ ఫల్గుణ అనే ఆయనది, అన్నీ స్కూలు గైడ్లే, వెనక ఒక వరస కథల పుస్తకాలు. పదకొండు కాపీలు. అడిగితే ఒప్పుకోడనిపించింది. టీకి వెళ్ళొస్తాను కొట్టు చూస్తూ ఉండండి మేడమ్ అన్నాడు, ఎంత మంచివాడో! ఆయన తిరిగొచ్చేసరికి పదకొండూ అయిపోయాయి. చింతపల్లిలో జెరాక్స్ కొట్టులోనే ఓ మూల పుస్తకాలు పెట్టారు, అక్కడ మూడు. ఇంత సరదా అయిన సెలవులు నా జన్మలో లేవు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వలిసె పూలు కొండంతా పసుపు పూసినట్టున్నాయి, నేనేమో ఒళ్ళో జిగురు డబ్బా పెట్టుకుని నవ్వుకుంటున్నాను.

పుస్తకంలో ఒకటి నాకు అర్థం కాలేదు. ప్రతి కథ మధ్యలోనూ ఒక కోడి వస్తుంది, ధాన్యం తింటుంది, "హుష్ హుష్" అని ఎవరో అంటారు, మళ్ళీ కథ నడుస్తుంది. దాని మీద ఆయన పద్నాలుగు పేజీల వ్యాసం రాశాడు. ఆ కోడి కాలానికి ప్రతీకట. "హుష్" అనేది కొండజాతుల ప్రాచీన మంత్రమట. పుస్తకానికి పేరు కూడా అందుకే అలా పెట్టాడు. నిజంగా మన నోట్‌బుక్కుల్లో ఉందా ఆ కోడి? నాకు గుర్తు లేదు.

ముందుమాటలో ఏముంటుందిలే, ఎవరెవరికో దండాలు పెట్టుకున్నాడు.

నీ సోఫీ


డొంకరాయి,
19 అక్టోబర్

సోఫీకి,

అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక నీ ఉత్తరం తెరిచాను. కోడి దగ్గరకొచ్చేసరికి నవ్వాపుకోలేక పిల్లల్ని లేపేశాను. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను.

నీకు నిజంగా గుర్తు లేదా? అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు నియమం ఏమిటి? తన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా రాయాలి. సాయంత్రం మనం చదివి వినిపించాలి. ఒక్క మాట తగ్గినా మర్నాడు కథ చెప్పేది కాదు. "నానన్నది నువ్వెందుకు దాసుకున్నావే?" అని పోట్లాట. అందుకని దగ్గినా రాసేవాళ్ళం. వాకిట్లో చోళ్ళు ఆరబోసేవాళ్ళు. పక్కింటి ఈశ్వరమ్మత్త కోడి వచ్చేది. కథ మధ్యలో అమ్మమ్మ "ఓలమ్మో కోడొచ్చీసింది, సోళ్ళు తినేత్తంది, హుష్, హుష్, తోలండే గుంటల్లారా" అనేది. నేను లేచి తోలేదాన్ని. నువ్వు రాస్తూ ఉండేదానివి. అదీ ఆ మహా ప్రతీక.

దొంగతనం చేసినవాడు ఎత్తుకెళ్ళిన మూటలో ఏముందో కూడా విప్పి చూసుకోలేదు. సోఫీ, చీటీలు చాలవు. చీటీ చించేసుకుంటే పోతుంది. ఆ మనిషి నలుగురిలో నించుని తన నోటితో ఆ కోడి గురించి చెప్పాలి. నేను అక్కడ ఉండాలి. నతానియేల్ తన కొట్టులో సభ పెట్టి పిలిస్తే రాడా? పొగిడి పిలిస్తే ఎందుకు రాడు?

నాకొక కాపీ పంపు. ఏ పేజీలో ఏముందో చదువుకుని వెళ్తాను. ముందుమాట సంగతి ఈసారి కూడా చెప్పలేదు నువ్వు.

ఇట్లు
రాజకుమారి


విజయనగరం,
11 నవంబర్

ఒసే కుమారీ,

కోడి! నేను స్టాఫ్ రూములో చదివి బల్ల మీద పడి నవ్వాను. హెడ్ మిస్ట్రెస్ ఏమైందని అడిగితే, ఇరవై ఆరేళ్ళ కిందటి కోడి మేడమ్ అన్నాను.

నతానియేల్‌తో మాట్లాడాను. సభ ఖాయం. డిసెంబర్ పద్నాలుగు, శనివారం పదకొండు గంటలకి. "గిరిజన స్మృతిలో కొండకోడి, రచయితతో ముఖాముఖి" అని కార్డు కూడా వేశాడు. ఆ ముసలాయన కార్డు చూసి వెంటనే ఒప్పుకున్నాడట, శాలువా ఉంటుందా అని మాత్రం అడిగాడట. ఉంటుందని చెప్పమన్నాను. బాగా బరువైన శాలువా కప్పమన్నాను.

నేను మాత్రం రాలేను. హాఫ్ ఇయర్లీ పరీక్షలు, ఒక్క పూట కూడా సెలవివ్వరు. ఎంత బాధగా ఉందో తెలుసా! నువ్వు అన్నీ చూసి, ఆయన మొహం ఎలా మాడిందో ప్రతి గీతా రాయాలి. ఆయన దగ్గర నా పేరు ఎత్తొద్దు. ఎందుకంటే పాత గురువు కదా, అదో ఇబ్బంది. నువ్వు సోములమ్మ మనవరాలివి, అది చాలు.

పుస్తకం పంపుతున్నాను. చీటీ అతికించిన కాపీయే ఉంది నా దగ్గర. ముందుమాట పేజీలో కింద అతికించాను, దాన్ని పీకకు, కాగితం చిరిగిపోతుంది. చదవడానికి అక్కడేం లేదులే.

నీ సోఫీ


డొంకరాయి,
18 డిసెంబర్

సోఫీకి,

ప్రతి గీతా రాయమన్నావు. రాస్తాను.

ముందు రోజే అరకు చేరుకుని మా ఊరికి పోయి ఈశ్వరమ్మత్తని వెంటబెట్టుకు వచ్చాను. డెబ్బై దాటాయి ఆవిడకి. కొట్టులో యాభై మంది దాకా ఉన్నారు. కాఫీ తోటల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు టూరిస్టులు, హైస్కూలు మాస్టార్లు, మన ఊరి ఆడవాళ్ళు ఓ పదిమంది. ఆయన మంచి కళ్ళజోడు, సిల్కు లాల్చీ. శాలువా కప్పారు. దించకుండా అలాగే కూర్చున్నాడు.

నలభై నిమిషాలు కోడి గురించి చెప్పాడు. కోడి ధాన్యం తినడమంటే కాలం మనిషి ఆయుష్షుని తినడమట. ఆఖర్న కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ఆ మంత్రం ఎలా ఉచ్చరించాలో చేసి చూపించాడు. "హు...ష్. హు...ష్." మన ఊరి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లేచాను. కోడి ఏ రంగుదండీ అని అడిగాను. ప్రతీకకి రంగుండదమ్మా అన్నాడు. అప్పుడు ఈశ్వరమ్మత్తని లేపాను.

"నల్లది బాబూ. ఒక కాలు కుంటి. ఆ కోడి నాదే."

ఆయన నవ్వాడు. "అమ్మా, మీరు పొరబడుతున్నారు. నేను చెప్పేది ప్రతీక గురించి."

"ప్రతీకో గితీకో నాకు తెల్దు. అది పెట్ట. సోములమ్మక్క సోళ్ళు తినీసి నాకు తిట్లు తెచ్చీది. ఆ యేడు పండక్కి కోసీసినాం. సోములమ్మక్కకి గిన్నెడు కూర కూడా ఎట్టినాను."

ఇక చూడు. ముందు ఆడవాళ్ళు మొదలెట్టారు, తర్వాత మాస్టార్లు, చివరికి తెలుగు రాని టూరిస్టులు కూడా నవ్వుతున్నారు. నవ్వు తగ్గేదాకా ఆగి, అమ్మమ్మ ఎవరో, ఆవిడ నియమం ఏమిటో, ఆ నోట్‌బుక్కులు ఎవరివో చెప్పాను. ఆయన పెన్ను కింద పడింది, ఎవరూ తీసివ్వలేదు. శాలువా జారిపోతుంటే పట్టుకోవాలో వదిలెయ్యాలో తెలియలేదు ఆయనకి. నోట్‌బుక్కులు తుఫానులో పోయాయి కదా అని అడిగాను. "ఎవరన్నారు? నా బీరువాలో భద్రంగా ఉన్నాయి" అన్నాడు కోపంగా, నలుగురిలోనూ. అన్నాక గాని నాలుక కరుచుకోలేదు. నతానియేల్ అక్కడే కాగితం పెట్టి, నాలుగూ పార్సిల్ చేసి నాకు పంపుతానని రాయించి సంతకం తీసుకున్నాడు. నా జన్మలో అంత తృప్తిగా ఎప్పుడూ లేను సోఫీ. అంత తృప్తిగా ఉన్నందుకు సిగ్గు కూడా వెయ్యలేదు.

వెళ్ళిపోతూ నా దగ్గరకొచ్చాడు. "నన్ను దొంగ అంటున్నారు, మరి సోఫియాని ఏమంటారు?" అన్నాడు. ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. ఇరవయ్యేళ్ళ కిందటి కాగితం. "ఈ నాలుగు నోట్‌బుక్కులలోని కథలు నేనొక్కదాన్నే సేకరించినవి, వీటిని వాడుకొనుటకు నాకు అభ్యంతరం లేదు" అని. కింద నీ సంతకం. పుస్తకం రాగానే నీకు కాపీ పంపానన్నాడు. రెండేళ్ళయిందట. అట్ట మీద నీ పేరు వెయ్యలేదని అప్పటినుంచి నువ్వు ఆయనతో మాట్లాడటం లేదట.

నేనేం ఆశ్చర్యపోలేదు. నువ్వు పంపిన పుస్తకం నవంబర్ ఇరవైన వచ్చింది. రిజర్వాయర్ పక్కన ఊరు మాది, గోడలకే చెమ్మ. మైదా జిగురు ఇక్కడ వారం నిలవదు. గోడకి క్యాలెండరు అతికించాలన్నా మేము బంక వాడతాం. అరకులో పుట్టినదానివి, ఊరు మారితే అది కూడా మర్చిపోయావు. నాలుగో రోజుకి నీ చీటీ దానంతటదే లేచి నా ఒళ్ళో పడింది. దాని కింద ఉంది నేను రెండుసార్లు అడిగిన వాక్యం. "ఈ కథలను స్వయంగా సేకరించి, వాడుకొనుటకు రాసి ఇచ్చిన నా పూర్వ విద్యార్థిని సోఫియాకు కృతజ్ఞతలు."

మూడు ఊళ్ళు తిరిగి ఇరవై మూడు చీటీలు అతికించావు. అన్నీ ఆ వాక్యం మీదే. ఆ చీటీలో కూడా నీ పేరు నా పేరుకి ముందుంది.

నీ పరీక్షల సంగతి. పద్నాలుగు రెండో శనివారం.

రాజకుమారి


విజయనగరం,
30 డిసెంబర్

కుమారీ,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చించాను. క్రిస్మస్‌కి చర్చిలో కూర్చుంటే ఒక్క పాట నోట్లోకి రాలేదు.

నిజమే. సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్ళ పిల్లని. ప్రాక్టికల్స్ మార్కులన్నీ ఆయన చేతిలో ఉండేవి. "అట్ట మీద నీ పేరు వేస్తాను, సోములమ్మ గారి పేరు లోపల వేస్తాను" అని నాతో అన్నాడు. నా పేరు అట్ట మీద అచ్చులో చూసుకోవాలని ఆశపడ్డాను. మీ అమ్మమ్మ పడిన ఆశే కదా అది, దానికింత శిక్ష ఏమిటి? తర్వాత నీకు ఏం చెప్పాలో తెలియలేదు. తుఫాను వచ్చింది, ఆ మాట దొరికింది. ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేకపోయాను.

కానీ ఒక్కటి ఆలోచించు. నేను రాయకపోతే ఆ పుస్తకం ఉందనే నీకు తెలిసేది కాదు. ఆ సభ నేనే పెట్టించాను. ఆయన పరువు తీసింది నా ఉత్తరాలే. అది లెక్కలోకి రాదా? ముప్పై ఏళ్ళ స్నేహం. హాస్టల్లో నీకు జ్వరమొస్తే మూడు రోజులు బడి మానేసి పక్కన కూర్చున్నది ఎవరు?

పార్సిల్ వచ్చిందని, కొత్త పుస్తకం వెయ్యబోతున్నామని నతానియేల్ చెప్పాడు. చాలా సంతోషం. నా పేరు ఎక్కడా వెయ్యొద్దు, నేనేం అడగను. సంతకం సంగతి మాత్రం ఆయనకి చెప్పకు. ఇక్కడ మా స్కూల్లో తెలిస్తే తల ఎత్తుకోలేను, వచ్చే ఏడు నాకు ప్రమోషన్ ఉంది. నా ఉత్తరాలన్నీ చింపెయ్. కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

సోఫీ


డొంకరాయి,
20 జనవరి 2025

సోఫియా టీచర్ గారికి,

నోట్‌బుక్కులు అందాయి. నాలుగూ పాడవలేదు. సగం పేజీలు నా రాత, సగం మీ రాత. కోడి వచ్చిన చోటల్లా మీ రాతే ఉంది, ఎందుకంటే తోలడానికి నేను లేచేదాన్ని.

నాకు జ్వరమొచ్చినప్పుడు మీరు పక్కన కూర్చున్నారు. మర్చిపోలేదు. అందుకే మూడు వారాలు జవాబు రాయకుండా ఆగాను, కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు. మీకు పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ మాత్రమే ఉండి ఉంటే నేనే ఇచ్చేసేదాన్ని. అమ్మమ్మ మంచం మీద పడుకుని పుస్తకం ఎప్పుడని అడుగుతుంటే మీరు చూడటానికి వచ్చారు, కమలాపళ్ళు తెచ్చారు, ఆవిడ చెయ్యి పట్టుకుని "వచ్చే నెలలో వస్తుందమ్మమ్మా" అన్నారు. అప్పటికి మీరు సంతకం పెట్టి ఏడేళ్ళు.

పుస్తకం నతానియేల్ గారే వేస్తున్నారు. అట్ట మీద ఒకటే పేరు, సోములమ్మ. అక్షరాలు ఎంత పెద్దవి పడతాయో కొలిపించాను, అట్టలో సగం. కోడిని కూడా ఉంచాం, ఈశ్వరమ్మత్త పేరుతో.

నతానియేల్ గారికి అన్నీ చెప్పాను. ముందుమాట ఎవరు రాస్తారని అడిగారు. ఎవరూ రాయక్కర్లేదు, రాసే ఉంది అన్నాను. అక్టోబర్ నాలుగు నుంచి ఇవాళ్టి దాకా ఈ ఉత్తరాలన్నీ తేదీలతో సహా వరసగా వేస్తున్నాం. నేను రాసినవి ముందు పాత డైరీలో రాసుకుని ఎత్తి రాయడం నా అలవాటు, కాబట్టి అవీ ఉన్నాయి. మీవి ఉన్నవి ఉన్నట్టు కంపోజ్ చేయమన్నాను, ప్రమోషన్ మాటతో సహా. మొదటి కాపీ మీ స్కూలు లైబ్రరీకి పంపుతున్నాం.

ప్రెస్సు వాళ్ళు ముప్పయ్యో తారీకు గురువారం దాకా గడువిచ్చారు. దీనికి మీరు జవాబు రాస్తే అదీ వేస్తాం. బేగి రాయండి.

రాజకుమారి
సోములమ్మ మనవరాలు